పడిశము - ఉబ్బసము

జలుబునకు మందు తిన్నచో వారము దినములలోను, తిననిచో ఏడు దినములలోను తగ్గునని మనవారు పరిహాసమునకు అనుచుందురు. మాట పరిహాసమే అయినను అందు సత్యము లేకపోలేదు. పడిశము పట్టినవానిని చూచి కలవరపడువారు అరుదు. మిరియాల చారు కాచి పోసి, చేతికొక రుమాలు ఇచ్చి, ఎవరి పనులకు వారు పోవుదురు. మైకు ముందు కూర్చుండి జీవనము సాగించు మా వంటివారికి మాత్రము అది కొంత భయము గొలుపును. ప్రకటన చదువుచుండగా నడుమ వచ్చిన తుమ్మును వెనుకకు పంపుట ఎవరి తరము? అయినను అది సిగ్గుచేటే గాని ప్రాణాపాయము కాదు.

ఉబ్బసపు రోగి ఉన్న ఇంట ఈ పరిహాసము చెల్లదు. అచ్చట జలుబు ముక్కున మొదలై ముక్కుననే ముగియదు. రెండు మూడు దినములలో రొమ్ములోనికి దిగును, దగ్గుగా మారును, ఒకనాటి తెల్లవారుజామున పిల్లికూతలుగా, ఎగశ్వాసగా బయటపడును. పెద్దలకైనను, పిల్లలకైనను ఉబ్బసము హఠాత్తుగా విజృంభించుటకు గల కారణములలో సర్వసాధారణమైనది ఈ జలుబే. దుమ్ము, పుప్పొడి, పొగ, పడని తిండి అని మనము ఎన్నింటినో నిందింతుము. ఏటా నాలుగైదు మారులు మన యింటికి వచ్చిపోవు ఈ చుట్టమును మాత్రము అనుమానింపము.

మేము వైద్యులము కాము. ప్రసంగములకై వైద్యులు స్టూడియోకు వచ్చినప్పుడు, ఎఱ్ఱదీపము ఆరిన పిమ్మట వారిని అడిగి తెలిసికొన్న సంగతులును, గ్రంథములలో చదివిన సంగతులును ఇచ్చట చెప్పబోవుచున్నాము. అయితే ఈ విషయమున మాకు మొదట పాఠము చెప్పినది వైద్యులును కాదు, గ్రంథములును కాదు. మా యింట జరిగిన ఒక పొరపాటు.

2019వ సంవత్సరము శ్రావణమాసమున మా చెల్లెలి కుమార్తె, ఎనిమిదేండ్ల పిల్ల, విజయవాడలో మా యొద్దనే ఉండి చదువుకొనుచుండెను. ఆమెకు నాలుగవ యేటి నుండి ఉబ్బసము కలదు. ఉదయము, రాత్రి ఇన్‌హేలరు పీల్చుట ఆమెకు పలుదోముకొనుట వంటి అలవాటు. ఆ మందు వలన సంవత్సర కాలముగా ఒక్క రాత్రియు మమ్ము నిద్ర లేపలేదు. ఒక సోమవారమునాడు బడి నుండి తుమ్ముచు వచ్చినది. ముక్కు కారుచుండెను. మా అమ్మగారు ఇన్‌హేలరును తీసి అలమారపై నుంచి, "జలుబు చేసి ముక్కు కారుతుంటే ఆ పంపు ఎందుకురా? ఇంకా చలువ చేస్తుంది. తగ్గాక మళ్ళీ మొదలుపెడితే సరి" అనిరి. తల తడిసినదని సాంబ్రాణి పొగ వేసిరి. విశ్వవిద్యాలయ పట్టము పుచ్చుకొన్న మేము, ఆ మాట విని, సబబుగానే ఉన్నదనుకొంటిమి. ఈ పొరపాటు మా అమ్మగారిదని మేము ఏనాడును చెప్పము.

మంగళవారము రాత్రి దగ్గు మొదలైనది. బుధవారమునాడు పిల్ల బడికి పోలేదు. మెట్లు ఎక్కి వచ్చి, పై మెట్టుపై కూర్చుండి, కొంతసేపు మాటాడలేదు. అర్ధరాత్రి దాటిన పిమ్మట పిల్లికూతలు గోడ అవతలికి వినవచ్చినవి. లేచి చూడగా, రెండు చేతులు మంచముపై ఆనించి, ముందునకు వంగి, భుజములు ఎగురవేయుచు ఊపిరి తీయుచుండెను. "మామయ్యా" అని ఆగినది. తరువాతి మాట రాలేదు. అలమారపైనున్న ఇన్‌హేలరు అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. అది నిత్యము వాడవలసిన మందు. అప్పటికప్పుడు నాళములను విప్పు మందు కాదు. విప్పు మందు డబ్బా ఊపి చూచితిమి. అది ఎప్పుడు అయిపోయినదో మాలో ఎవరికిని తెలియదు.

మూడు గంటల వేళ కూతలు సన్నగిల్లినవి. "కూతలు తగ్గాయి. నిద్ర పడుతున్నట్టుంది, కదిలించకండి" అని మా అమ్మగారు అనిరి. మాకును కొంత ఊరట కలిగినది. మా ఇల్లాలు మాత్రము దీపము దగ్గరకు తెచ్చి పిల్ల పెదవులు చూచి, చెప్పులైన తొడుగుకొనక వీధిలోనికి పరుగెత్తి ఆటోను పిలిచినది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, నెబ్యులైజరుతో మందు పట్టుచునే వైద్యుడు మమ్ము రెండు ప్రశ్నలు వేసెను. "జలుబు ఎన్నాళ్ళ నుంచి? రోజు వాడే పంపు ఎప్పుడు ఆపారు?" ఆపితిరా అని ఆయన అడుగలేదు. ఎప్పుడు ఆపితిరని అడిగెను. అట్టి కుటుంబములు ఆయన వద్దకు ఎన్ని వచ్చుచున్నవో ఆ ఒక్క ప్రశ్న వలన మాకు తెలిసినది.

పిల్లికూతలు తగ్గుట ఎల్లప్పుడును శుభసూచకము కాదని ఆయన వలననే వింటిమి. ఇరుకైన నాళము గుండ గాలి దూరుచున్నప్పుడు కూత పుట్టును. నాళము మరింత మూసికొనిపోయి, గాలి దూరుటయే మానినచో కూతయు ఉండదు. పిల్లనగ్రోవిలో ఊదనిచో స్వరము రాదు గదా. కూత తగ్గి, ఆయాసము కూడ తగ్గి, బిడ్డ మాటాడుచున్నచో అది నిజముగా నెమ్మది. కూత తగ్గి, బిడ్డ అలసి సోలిపోవుచున్నచో క్షణమైనను ఆలసింపరాదు. ఆ రాత్రి మేము ఊరటపడినది సరిగా భయపడవలసిన వేళ.

జలుబునకును ఉబ్బసమునకును గల చుట్టరికము మన పూర్వులకు తెలియనిది కాదు. చరకసంహితలో తమకశ్వాసమని వర్ణింపబడిన వ్యాధి లక్షణములు చదివినచో మన ఉబ్బసమే కన్నులకు కట్టును. వాయువు త్రోవ తప్పి నాళములను పట్టి, కఫమును రేపి, మొదట పీనసమును, పిమ్మట గొంతున ఘుర్ఘురమను చప్పుడును పుట్టించునని అందు కలదు. పీనసమనగా మన పడిశమే. పండుకొన్నచో బాధ హెచ్చుననియు, కూర్చున్నచో కొంత సుఖముండుననియు, మబ్బు పట్టిన వేళను, చల్లనిగాలి, తూర్పుగాలి వీచు వేళను వ్యాధి పెరుగుననియు చెప్పబడినది. రోగి ప్రక్కన రాత్రి తెల్లవార్లు కూర్చున్నవారు తప్ప మరియొకరు ఇట్లు వ్రాయలేరని మాకు తోచును. అయితే ఆ పడిశమును తెచ్చునది కంటికి కనబడని ప్రాణి అని ఆనాడు ఎరుగుటకు వీలులేదు.

చలి వలననే జలుబు వచ్చునను నమ్మకము ఇంగ్లండులోను మనకంటె తక్కువ లేదు. అచ్చట సాల్స్‌బరీ నగరము వద్ద 1946లో జలుబును పరిశోధించుటకై ఒక కేంద్రము వెలసి, నాలుగు దశాబ్దములకు పైగా పనిచేసినది. స్వచ్ఛందముగా వచ్చినవారి ముక్కులలో జలుబు రోగి స్రావమును చుక్కలుగా వేసి చూచెడివారు. కొందరిని తడిపి, గాలి వీచు వసారాలలో నిలువబెట్టి కూడ చూచిరి. పాపము, వారు చలికి వణకిరే గాని కేవలము ఆ కారణమున వారికి జలుబు రాలేదు. స్రావము సోకినవారిలో అనేకులకు వచ్చినది. దీనిని బట్టి చల్లగాలి ఉబ్బసమునకు నిర్దోషి అని అనుకొనరాదు; చల్లని పొడిగాలి తగిలినచో ఉబ్బసపు నాళములు బిగిసికొనుట వాస్తవమే. కాని పడిశమునకు మూలము చలువ కాదు, వైరసు. ఇన్‌హేలరు చలువ చేయునను మాటకు ఆధారమే లేదు.

జలుబును తెచ్చు వైరసులు పెక్కు. వానిలో ముఖ్యమైనది రైనోవైరసు. 1950వ దశకమున దీనిని తొలిసారి గుర్తించిరి. నేటికి నూటయరువదికి పైగా రకములు తేలినవి. ఒక రకము వచ్చి పోయినను తక్కిన రకములకు మన దేహము క్రొత్తయే. అందువలననే జలుబు జన్మకొకసారి వచ్చి వదలు వ్యాధి కాలేదు. ఇది 33 నుండి 35 డిగ్రీల వేడిమిలో బాగుగా పెరుగును. దేహపు వేడిమి 37 డిగ్రీలు గదా. గాలి సోకి చల్లబడు ముక్కు దానికి తగిన చోటు. కావున ఇది ముక్కును దాటి క్రిందికి దిగదని చాల కాలము తలచిరి. పీల్చిన గాలి వలన పెద్ద శ్వాసనాళములు కూడ కొంత చల్లగా నుండునను సంగతి అప్పుడు పట్టించుకొనలేదు. పిమ్మట ఆ నాళముల లోపలి పొరలలోను ఈ వైరసు పట్టుబడినది.

పూర్వపు పద్ధతులలో వైరసును ప్రయోగశాలలో పెంచి చూడవలసి ఉండెను. రైనోవైరసులో అనేక రకములు అట్లు పెరుగవు. అందువలన ఉబ్బసపు దాడులలో వైరసు పాత్ర స్వల్పమని వైద్యులు ఎంచిరి. వైరసు యొక్క జన్యుపదార్థమునే పట్టి చూచు పరీక్ష వచ్చిన తరువాత లెక్క తారుమారైనది. ఇంగ్లండులోని సౌతాంప్టన్ ప్రాంతమున 9 నుండి 11 ఏండ్ల వయస్సుగల 108 మంది పిల్లలను 13 నెలలపాటు గమనించి, 1995లో ఫలితములు ప్రకటించిరి. పిల్లికూతలు వచ్చిన సందర్భములలో, ఊపిరి వేగము పడిపోయిన సందర్భములలో నూటికి 80 వంతులు ఏదో ఒక వైరసు కనబడినది. అందును రైనోవైరసుదే పెద్ద వాటా. పిల్లలలో పిల్లికూతలు మొదలైనచో, అయిదింట నాలుగు మారులు వెనుక జలుబు ఉండుననుకొనవచ్చును.

ఇదే జలుబు ప్రక్కనున్న పిల్లవానికి చీమిడితో పోగా, ఉబ్బసపు బిడ్డకు ఎగశ్వాసను తెచ్చుటకు కారణమేమి? ఉబ్బసమున్నవారి శ్వాసనాళములు సుఖముగా నున్న దినములలోను లోపల కొంత వాచియే ఉండును. నివురు గప్పిన నిప్పువలె ఆ వాపు పైకి కనబడదు. అట్టి నాళములోనికి వైరసు దిగినప్పుడు మూడు పనులు ఒక్కసారి జరుగును. లోపలి పొర ఇంకను వాచును. జిగురు కఫము ఊరి కన్నమును మూయును. నాళము చుట్టునున్న కండరము బిగిసికొనును. వైరసును ఆరంభముననే అణచుటకు కణములు ఇంటర్‌ఫెరాన్ అను పదార్థమును విడుచును. కొందరు ఉబ్బస రోగుల శ్వాసనాళపు కణములు దానిని కావలసినంత విడువలేకున్నవని 2005లో కనుగొనిరి. కావలివాడు కునికినందున దొంగ చాల లోపలికి పోవును. అప్పుడు లేచినవారందరు కఱ్ఱలు పట్టుకొని ఇల్లంతయు చిందరవందర చేయుదురు. ఊపిరి ఆడకుండ చేయునది వైరసు కంటె ఈ సంరంభమే.

దీనికి తోడు భౌతికశాస్త్ర సూత్రమొకటి కలదు. గొట్టములో గాలి నిలకడగా పారుచున్నప్పుడు గొట్టపు వ్యాసము సగమునకు తగ్గినచో గాలికి కలుగు అడ్డు రెండింతలు కాదు, నాలుగింతలు కాదు, పదునారింతలగును. పెద్దవాని నాళములో కొంచెము వాపు వచ్చినను త్రోవ మిగులును. చిన్నపిల్లల నాళములు పుట్టుకతోనే సన్నని గొట్టములు. అంతే వాపు వారికి మహా విపత్తు. మరియు, రాత్రి తుదిజామున శ్వాసనాళములు ఎవరికైనను సహజముగా కొంత ఇరుకగును. పగలు దగ్గుచు తిరిగిన బిడ్డ తెల్లవారుజామున లేచి కూర్చుండుటకు ఇదియే కారణము.

కాలమును బట్టి చూచినచో ఈ సంబంధము ఇంకను స్పష్టముగా కనబడును. కెనడాలో వేసవి సెలవుల అనంతరము సెప్టెంబరు మొదటి వారమున బడులు తెరతురు. అటుపిమ్మట రెండు మూడు వారములకు, ఏటేట తప్పక, ఉబ్బసముతో ఆసుపత్రికి వచ్చు పిల్లల సంఖ్య శిఖరమునకు చేరును. కొలది దినములకు పెద్దవారి సంఖ్యయు పెరుగును. పిల్లలు బడిలో పంచుకొన్న జలుబు వారి వెంట ఇంటికి వచ్చునన్నమాట. మన తెలుగునాట బడులు తెరచునది జూన్ మాసమున, తొలకరి చినుకులతో పాటు. చెమ్మ, బూజు, మూసిన కిటికీలు, ఒక్క బల్లపై ముగ్గురు నలుగురు పిల్లలు. అదే సమయమున, మృగశిర కార్తె ప్రవేశించు వేళ, హైదరాబాదులో చేపమందు కొరకు వేలాదిమంది బారులు తీర్చుట మనము చూచుచున్నాము. ఆ మందు గుణము శాస్త్రీయ పరీక్షలలో నిరూపింపబడలేదు. కాని ఆ బారులను చూచి నవ్వుటకు మాకు మనసొప్పదు. ఊపిరికై అలమటించువాని బాధ ఎంతటిదో, రానున్న వర్షకాలమును తలచుకొని ఎంతమంది భయపడుదురో ఆ బారులే చెప్పుచున్నవి. మనదేశమున ఉబ్బస రోగుల సంఖ్య మూడు కోట్లకు పైమాటయని అంచనా. 2020లో మహమ్మారి వలన బడులు మూతపడి, ముఖములకు గుడ్డలు కట్టుకొన్న కాలమున, పలు దేశములలో ఉబ్బసముతో ఆసుపత్రులకు వచ్చు పిల్లల సంఖ్య బాగుగా తగ్గుటయు ఇచ్చట తలపునకు తెచ్చుకొనదగినది.

చంటిబిడ్డల మాట కొంత వేరు. రెండేండ్ల లోపు బిడ్డకు జలుబుతో కూతలు వచ్చినంత మాత్రమున ఉబ్బసమని నిశ్చయింపరాదు. వారిలో చాలమంది పెరిగిన కొలది బాగుపడుదురు. అయితే అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున, తల్లిదండ్రులకు ఉబ్బసమో, పడనితనమో ఉన్న కుటుంబముల శిశువులను పుట్టుక నుండి గమనించిరి. మొదటి మూడేండ్లలో రైనోవైరసు వలన కూతలు వచ్చినవారికి ఆరవయేట ఉబ్బసముండు అవకాశము తక్కినవారి కంటె సుమారు పదిరెట్లని 2008లో ప్రకటించిరి. వైరసు ఉబ్బసమును పుట్టించినదా, పుట్టనున్నదానిని బయటపెట్టినదా అను చర్చ శాస్త్రజ్ఞులలో ఇంకను సాగుచున్నది.

ఇక ఇంట చేయవలసిన దానికి వత్తుము. ముక్కు కారుట మొదలైన గడియకును, రొమ్ము బిగియు రాత్రికిని నడుమ సాధారణముగా ఒకటి మొదలు మూడు దినముల వ్యవధి ఉండును. ఆ వ్యవధిలో మనము చేయు పనులను చూచినచో, శత్రువు వచ్చుచున్నాడని విని కోట తలుపులు తెరచినట్లుండును. మొదటిది, మేము చేసినదే: జలుబు వచ్చినదని నిత్యపు మందు ఆపుట. వాపును అణచియుంచు ఆ మందు మైక్రోగ్రాముల కొలతలో నాళములపైననే పనిచేయును. స్టెరాయిడను పేరు విని భయపడి దానిని ఆపినవారు, దాడి వచ్చిన పిమ్మట అదే జాతి మందును మిల్లీగ్రాములలో, మాత్రగానో సూదిగానో, దేహమంతటికి పట్టించుకొనవలసి వచ్చుచున్నది. ఆపుట ఎంత తప్పో, వైద్యుని అడుగక తోచినంత పెంచుటయు అంతే నిష్ప్రయోజనము. అమెరికాలో పిల్లలకు దాడి సూచనలు కనబడినప్పుడు ఈ మందును అయిదు రెట్లు పెంచి చూచినను తీవ్రమైన దాడులు తగ్గలేదని 2018లో తేలినది. జలుబులో ఏ మందు, ఎంత, ఎప్పుడు అను సంగతి జలుబు లేని దినముననే వైద్యునిచేత కాగితముపై వ్రాయించుకొనవలయును. అర్ధరాత్రి ఎవరికిని జ్ఞాపకశక్తి పనిచేయదు.

నాళములను విప్పు మందు మాటయు చెప్పవలసియున్నది. అది పీల్చిన కొలది నిమిషములలో హాయినిచ్చును. ఆ హాయియే దాని మాయ. లోపలి వాపు అట్లేయుండగా, మాటిమాటికి దానినే పీల్చుచు కాలము గడుపువారు ఎందరో. కేవలము ఆ మందుతోనే చికిత్స సాగించుట పెద్దలకును, కౌమారమున నున్నవారికిని తగదని అంతర్జాతీయ వైద్యసంఘములు 2019 నుండి హెచ్చరించుచున్నవి. జలుబు దినములలో దాని అవసరము గంటగంటకు పెరుగుచున్నచో అది మందు చాలని గుర్తు కాదు, ఆసుపత్రికి పోవలసిన గుర్తు.

రెండవ పొరపాటు, వీధి చివర మందుల అంగడికి పోయి యాంటీబయోటిక్ మాత్రలు తెచ్చుట. అవి బాక్టీరియాను చంపునవి; వైరసునకు వానితో పనిలేదు. న్యుమోనియా వంటిది తోడైనప్పుడు వైద్యుడే వానిని ఇచ్చును. ఒళ్ళు నొప్పులకై మింగు మాత్రలలోను మెలకువ అవసరము. ఉబ్బసమున్న పెద్దలలో కొందరికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటివి పడక, అవియే దాడిని తెచ్చును. ఇక సాంబ్రాణి పొగ, దోమల చుట్టల పొగ, అగరుధూపము, ఇంటి పెద్దల చుట్ట, సిగరెట్టు. వైరసుతో ఇప్పటికే వాచిన నాళములపై పొగను వదలుట పుండుపై కారము చల్లుటయే. వైరసునకు పడని పదార్థము తోడైనచో అపాయము ఇనుమడించునని ఇంగ్లండులోని మాంచెస్టరు వైద్యులు 2002లో చూపిరి. సాంబ్రాణి లేనిదే స్నానము పూర్తికాదనుకొను వృద్ధులకు ఈ మాట చెప్పుట కష్టమే. మా యింట ఆసుపత్రి బిల్లు చెప్పినది.

జలుబును పూర్తిగా తప్పించుట ఎవరి వశమును కాదు. చేతులు సబ్బుతో కడుగుట, తుమ్మువారు మోచేతి మడతను అడ్డుపెట్టుకొనుట మాత్రము వశములోనివి. ఫ్లూ జ్వరమునకు టీకా కలదు. మనదేశమున చాల ప్రాంతములలో ఫ్లూ వర్షములతో పాటు ఉద్ధృతమగును గావున, ఉబ్బసమున్నవారు వేసవిలోనే వైద్యుని అడిగి దానిని వేయించుకొనుట మేలు. ఆ టీకా మామూలు జలుబును ఆపునని మాత్రము ఆశింపరాదు.

వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలసిన గుర్తులను మా శ్రోతలు ఇంటిల్లిపాదియు ఎరిగియుండవలయును. ఒక్క వాక్యము పూర్తిచేయలేక నడుమ ఊపిరికై ఆగుట, ఊపిరి తీసినప్పుడెల్ల మెడ క్రింది గుంట, ప్రక్కటెముకల నడిమి చర్మము లోనికి పోవుట, పెదవులు, గోళ్ళు నీలివర్ణము దాల్చుట, మత్తుగా సోలిపోవుట, విప్పు మందు పీల్చినను నెమ్మదింపకుండుట. వీనిలో ఏ ఒక్కటి కనబడినను తెల్లవారనిమ్మని చూడరాదు. త్రోవలో విప్పు మందును, కాగితముపై వ్రాసిన ప్రకారము, పట్టుచునే ఉండవలయును. దాడి తగ్గి ఇంటికి వచ్చిన తరువాతను నాళముల అలజడి కొన్ని వారముల వరకు పోదు. ఆ వారములలో మరియొక జలుబు తగిలినచో మొదటి దానికంటె సులభముగా రేగును.

మా మేనకోడలు ఆసుపత్రిలో రెండు దినములుండి ఇంటికి వచ్చినది. ఇప్పుడు ఉన్నత పాఠశాలలో చదువుచున్నది. వైద్యుడు వ్రాసిచ్చిన కాగితమును మా ఇల్లాలు అలమార తలుపునకు లోపలివైపు అంటించినది. దానిపై రెండుమారులు క్రొత్త కాగితము వచ్చి చేరినది. మొన్న ఆషాఢమున ఒక సాయంకాలము పిల్ల బడి నుండి వచ్చి వరుసగా నాలుగు తుమ్ములు తుమ్మినది. మా అమ్మగారు వంటయింటిలో మిరియాల చారు పొయ్యిపై నుంచి, చేతులు తుడుచుకొనుచు వచ్చి, అలమార తెరచి, "ఒరే, విప్పే పంపులో మందు ఎంతుందో ఆ అంకె చదువు, నాకు కనపడి చావదు" అనిరి. డబ్బా వెనుకనున్న చిన్న కిటికీలో 14 అని ఉన్నది. చారు మరుగుచుండగనే చెప్పులు తొడుగుకొని అంగడికి పోయి క్రొత్తది తెచ్చితిమి.